విమానం కిటికీకి గాజు కాదు, ప్లాస్టిక్!



సైన్సు ఎగ్జిబిషన్‌కు నేను చేసిన చిన్న విమానం మీరందరూ చూసినారు. దాని కిటికీ పగిలింది చూసి నవ్వినారు కూడా. మా అమ్మ టమోటాలు కోసే కూలికి పోయి ఇచ్చిన 100 రూపాయలతో పుంగనూరులో ఆ షీటు ముక్క కొన్నాను. మేకు ఎర్రగా కాల్చి బొక్క పెట్టినాను. మరకలు పోవాలని పెట్రోలుతో తుడిచినాను. తెల్లారేసరికి బొక్క చుట్టూ సన్నని గీతలు లేచినాయి. స్క్రూ బిగించగానే ఫట్‌మని విరిగింది. ఆ రాత్రంతా ఏడ్చినాను. మదనపల్లెలో బోర్డులు చేసే అంగట్లో ఉండే మా అన్న, మన సైన్సు సారు చెప్పినాక నా తప్పు తెలిసింది. మీ డబ్బులు అట్లా పోకూడదని ఇది రాస్తున్నాను.

గాజు ఎందుకు వద్దు?

కుప్పంలో రైలెక్కి పోయే బెంగళూరులోనే హంస అనే రెండు సీట్ల విమానం తయారుచేసినారు. అది 1993లో మొదటిసారి ఎగిరింది. ఇట్లాంటి చిన్న విమానాలకు బరువు ఎంత తగ్గితే అంత మేలు. అక్రిలిక్ షీటు బరువు గాజులో సగమే. వేడి చేస్తే వంగుతుంది కూడా.

ఏ షీటు మంచిది?

రెండు రకాలు ఉన్నాయి. అక్రిలిక్ ఎండకు తట్టుకుంటుంది, గీతలు పడితే పాలిష్ చెయ్యొచ్చు, కానీ పెళుసు. పాలికార్బొనేట్ రాయి తగిలినా సులభంగా పగలదు, కానీ తొందరగా గీతలు పడతాయి, పైపూత లేకపోతే ఎండకు పసుపు రంగు వస్తుంది. చిన్న విమానాలకు ఎక్కువగా అక్రిలిక్ వాడతారు. అదీ బోర్డుల అంగట్లో దొరికేది కాదు, విమానాలకని పరీక్ష చేసిన షీటే వాడాలి. పైలట్ ప్రాణం దాని మీద ఉంటుంది కదా!

పని ఎట్లా చెయ్యాలి?

1. పని అయ్యేదాకా షీటు మీది కాగితం పీకకూడదు.

2. సన్న పళ్ళ రంపంతో కోసి, అంచులు నున్నగా రుద్దాలి. పగులు ఎక్కువగా గరుకు అంచులోనే మొదలవుతుంది.

3. కింద చెక్క పెట్టి, డ్రిల్లుతో నిదానంగా బొక్క వెయ్యాలి. బొక్క స్క్రూ కంటే పెద్దదిగా ఉండాలి. ఎందుకంటే 40 డిగ్రీల వేడి పెరిగితే మీటరు అక్రిలిక్ షీటు దాదాపు 3 మిల్లీమీటర్లు సాగుతుంది. అల్యూమినియం ఫ్రేము 1 మిల్లీమీటరు కూడా సాగదు. అందుకే స్క్రూ గట్టిగా బిగించరాదు.

4. పెట్రోలు, థిన్నరు తగలనీయరాదు. సబ్బు నీళ్ళు, మెత్తని గుడ్డ చాలు.

ఇంకొక వింత వినండి. రెండో ప్రపంచ యుద్ధంలో విమానం అద్దాలు పగిలి అక్రిలిక్ ముక్కలు పైలట్ల కళ్ళలో గుచ్చుకున్నాయి. అవి లోపలే ఉన్నా కన్ను చెడలేదని ఇంగ్లాండు డాక్టరు హెరాల్డ్ రిడ్లీ గమనించినారు. 1949లో ఆ జాతి ప్లాస్టిక్‌తోనే లెన్సు చేయించి, శుక్లం ఉన్న మనిషి కంటిలో పెట్టినారు. పోయిన ఏడు మా అవ్వకు కూడా కంట్లో లెన్సు పెట్టినారు. ఇప్పుడు తండా చివర నుండే నన్ను గుర్తుపడుతుంది.

విరిగిన ముక్కను నేను పారెయ్యలేదు. గీతలున్న భాగం కోసేసి చిన్న కిటికీ చేస్తున్నాను. ఈసారి నవ్వకుండా చూడండి.

తప్పులుంటే మన్నించగలరు.

ఇట్లు,
తొమ్మిదో తరగతి విద్యార్థిని