కారు ముందు అద్దాన్ని ఇంటి దగ్గరే మార్చుకోవచ్చా?

హైవేపై లారీ టైరు కింది నుంచి ఎగిరిన చిన్న రాయి చాలు, కారు ముందు అద్దానికి బీట పడటానికి. ఎండలో నిలిపిన కారులో ఏసీ వేయగానే ఆ బీట సాగిపోవచ్చు. గాజు ఒక వైపు వేడిగా, మరో వైపు చల్లగా ఉండటంతో పుట్టే ఒత్తిడే దీనికి కారణం. కొత్త అద్దం, జిగురు బజారులో దొరుకుతాయి కాబట్టి ఇంటి దగ్గరే మార్చుకోవచ్చు కదా అని చాలామందికి అనిపిస్తుంది.

అంబాసిడర్ వంటి పాత కార్లలో అద్దం రబ్బరు పట్టీలో కూర్చునేది. పట్టీ గాడిలో తాడు పెట్టి, సబ్బు నీళ్లు రాసి, లోపలి నుంచి తాడు లాగితే రబ్బరు అంచు బాడీ రేకును పట్టుకునేది. ఇప్పటి కార్లలో అద్దాన్ని పాలీయురేథేన్ జిగురుతో బాడీకి అతికిస్తారు. దాంతో అది కారు నిర్మాణంలో ఒక భాగమైపోయింది.

అద్దం చేసే పనులు

ముందు అద్దం రెండు గాజు పలకల మధ్య పలుచని ప్లాస్టిక్ పొర ఉన్న లామినేటెడ్ గాజు. అందుకే అది పగిలినా ముక్కలు ఆ పొరకే అంటుకుని ఉంటాయి. ప్రమాదంలో ప్రయాణికులు బయటకు విసిరివేయబడకుండా ఆపడానికి, పైకప్పు కుంగకుండా ఉండటానికి ఇది తోడ్పడుతుంది. చాలా కార్లలో ప్రయాణికుడి వైపు ఎయిర్‌బ్యాగ్ విచ్చుకునేటప్పుడు ఈ అద్దానికే ఆనుకుంటుంది. జిగురు పట్టు బలహీనమైతే ఆ తాకిడికి అద్దం ఊడిపోవచ్చు.

గాలిలోని తేమే గట్టిపరుస్తుంది

ఈ జిగురు నీరు ఆవిరై ఆరదు. అందులోని ఐసోసైనేట్ భాగాలు గాలిలోని తేమతో రసాయన చర్య జరిపి, పొడవైన అణు గొలుసులుగా అల్లుకుంటాయి. ఈ చర్య పైనుంచి లోపలికి సాగుతుంది. కాబట్టి వేలికి గట్టిగా తగిలినా లోపల మెత్తగానే ఉండవచ్చు. విశాఖ తీరపు ఉక్కలో ఇది త్వరగా, లద్దాఖ్ చలికాలపు పొడి గాలిలో నెమ్మదిగా జరుగుతుంది. రకాన్ని, వాతావరణాన్ని బట్టి కారు నడపడానికి గంట నుంచి ఒక రోజు వరకు ఆగాల్సి రావచ్చు. గట్టిపడని జిగురు ఊపిరితిత్తులకు, చర్మానికి హాని చేస్తుంది కనుక గాలి ఆడే చోట, చేతి తొడుగులతోనే పని చేయాలి.

ఇంటి దగ్గర ఎక్కడ తప్పుతుంది?

పాత జిగురును పూర్తిగా గీకేయకూడదు. ఒకటి రెండు మిల్లీమీటర్ల పొర ఉంచితే కొత్త జిగురు దానికి బాగా పట్టుకుంటుంది. కోసేటప్పుడు పెయింటు గీసుకుపోతే అక్కడ ప్రైమర్ రాయాలి. లేకుంటే తుప్పు పట్టి జిగురు కింద నుంచే ఊడుతుంది. అద్దం అంచున కాల్చి అద్దిన నల్లని పట్టీ జిగురును సూర్యుడి అతినీలలోహిత కిరణాల నుంచి కాపాడుతుంది. ఆ పట్టీపై వేలి జిడ్డు అంటినా పట్టు తగ్గుతుంది. సిలికాన్ సీలెంట్ నీటిని ఆపగలదేమో కానీ ఇంత బలాన్ని మోయలేదు. అద్దం వెనక కెమెరా ఉన్న కార్లలో దాన్ని మళ్లీ సరిచేయడానికి ప్రత్యేక పరికరాలు కావాలి.

అందుకే ఈ పని నిపుణులకు వదలడమే మేలు. చిన్న దెబ్బ తగిలిన వెంటనే దుమ్ము, నీరు చేరకుండా పారదర్శక టేపు అంటించడం మాత్రం ఎవరైనా చేయగలరు. అద్దం మార్చాక ఎంతసేపటికి కారు తీయవచ్చో అడిగి తెలుసుకోవాలి. మొదటి రోజు కిటికీ కొద్దిగా దించి ఉంచాలి, తలుపులు గట్టిగా వేయకూడదు. మూసిన కారులో తలుపు విసురుగా వేస్తే పెరిగే గాలి ఒత్తిడి పచ్చి జిగురును కదిలించగలదు.