ముందు పొరుగు, ఆ పైన ఇల్లు. ముందు తోడు, ఆ పైన దారి

అరబ్బులలో ఒక సామెత ప్రసిద్ధం. ‘అల్‌జార్ ఖబ్లద్దార్, వర్రఫీఖ్ ఖబ్లత్తరీఖ్’ అంటారు. ఇంటికంటే ముందు పొరుగును చూసుకో, దారికంటే ముందు తోడును చూసుకో అని దీని భావం. ఒంటెల బిడారులలో నెలల తరబడి ప్రయాణించినవారి అనుభవం ఈ రెండు ముక్కల్లో ఇమిడి ఉంది. హైదరాబాదు పాతబస్తీ నుంచి రోజూ గచ్చిబౌలికో శంషాబాదుకో కొలువుకు వెళ్ళివచ్చే మన యువకులకు ఈ సామెత చాలా అవసరమని మేము భావిస్తున్నాము. ఇల్లు ఎక్కడ ఉండాలి, ఏ దారిన వెళ్ళాలి అన్న ప్రశ్నే నేడు ఎన్నో కుటుంబాలలో పెద్ద చర్చ అయి కూర్చుంది.

కొలువు ఒకచోట, కాపురం మరొకచోట కావడం ఈ నగరానికి కొత్త కాదు. గోల్కొండ వైపు నుంచి మూసీ దాటడానికి 1578లో ఇబ్రహీం కుతుబ్ షా పురానాపూల్ కట్టించాడు. చార్మినార్ వెలసింది ఆ తర్వాత, 1591లో. అంటే ఇక్కడ వంతెన ముందు వచ్చింది, ఊరు తర్వాత వచ్చింది. కార్వాన్ అంటేనే బిడారు. 1671 నాటి టోలీ మసీదు ఆ పేటలోనే ఉంది. నాడు వర్తకుల బిడారులు నడిచిన వైపుకే నేడు మన పిల్లలు మోటారు సైకిళ్ళపై బయలుదేరుతున్నారు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పటి నుంచి కొలువులు పడమటికి జరిగాయి. 2008లో విమానాశ్రయం శంషాబాదుకు తరలింది. ఇళ్ళు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి.

ఇల్లు వెతికేవారు సాధారణంగా కిలోమీటర్లు లెక్కిస్తారు. లెక్కించవలసింది గంటలు. హుస్సేనీ ఆలం నుంచి గచ్చిబౌలి 20 కిలోమీటర్ల లోపే. కాని రద్దీ వేళ గంటంబావు పట్టిందనుకోండి, రానూ పోనూ రెండున్నర గంటలు. నెలకు 25 పనిరోజులు వేసుకుంటే అరవై రెండున్నర గంటలు. అంటే ప్రతి నెలా రెండున్నర రోజులకు పైగా రాత్రింబవళ్ళు రోడ్డు మీదే గడిచినట్టు. అద్దెలో రెండు వేలు మిగిలాయని సంతోషించే ముందు ఈ లెక్క కూడా వేసుకోవాలి. పెట్రోలు ఖర్చు దీనికి అదనం.

దారుల సంగతి చూద్దాం. పాతబస్తీ నుంచి గచ్చిబౌలికి ముఖ్యంగా మూడు దారులున్నాయి. మొదటిది పురానాపూల్ దాటి కార్వాన్, లంగర్ హౌజ్‌ల మీదుగా టోలీచౌకీ చేరడం. ఇది దగ్గర, కాని ఇరుకు. రెండవది నయాపూల్, నాంపల్లి, మాసబ్ ట్యాంక్, మెహదీపట్నం మీదుగా. ఇది వెడల్పు, కాని నగరం మొత్తం అక్కడే కలుస్తుంది. టోలీచౌకీ తర్వాత ఈ రెండూ ఒకటే. 2022 జనవరి 1న ప్రారంభమైన షేక్‌పేట ఫ్లైఓవర్ అక్కడి కూడళ్ళను తప్పించి రాయదుర్గం వైపు దించుతుంది. మూడవది బహదూర్‌పురా వైపు వెళ్ళి, జూపార్కు నుంచి ఆరాంఘర్ వరకు 2025 జనవరిలో తెరిచిన ఫ్లైఓవర్ ఎక్కి, రాజేంద్రనగర్ వద్ద ఔటర్ రింగు రోడ్డు అందుకోవడం. దూరం ఎక్కువ, టోలు కూడా కట్టాలి; కాని కారు ఆగకుండా సాగుతుంది. ఔటర్ ప్రధాన రహదారిపైకి ద్విచక్ర వాహనాలను రానివ్వరు. కాబట్టి మోటారు సైకిలు గలవారు ఈ మూడవ దారిని లెక్కలోంచి తీసివేయాలి.

బండి నడపలేనివారికి రైలు ఉంది. మహాత్మాగాంధీ బస్ స్టేషన్ వద్ద మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి రాయదుర్గం వరకు పోవచ్చు. చార్మినార్ వైపు మార్గానికి 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది. ఆ మార్గాన్ని నమ్ముకొని ఈరోజు ఇల్లు కొనడం తొందరపాటు. ఫలక్‌నుమా, యాకుత్‌పురా స్టేషన్ల నుంచి ఎం.ఎం.టి.ఎస్. బళ్ళు హైటెక్ సిటీకి వెళతాయి గాని, సికింద్రాబాదు చుట్టి వెళతాయి. పైగా బండి వేళలు మన కొలువు వేళలకు కుదరాలి.

కొలువు శంషాబాదులో అయితే ఈ లెక్కంతా తిరగబడుతుంది. అప్పుడు టోలీచౌకీకి మారడం దండగ; బహదూర్‌పురా, ఫలక్‌నుమా ప్రాంతాల వారికి ఉన్న ఇల్లే అనుకూలం. మెహదీపట్నం వారికి 2009లో ప్రారంభమైన 11.6 కిలోమీటర్ల పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే ఆరాంఘర్ వరకు ఉండనే ఉంది. కనుక ‘మంచి మొహల్లా ఏది?’ అని అడిగేవారు ముందు ‘కొలువు ఎక్కడ?’ అన్నదానికి జవాబు చెప్పుకోవాలి.

ఇక పొరుగు మాట. మా వద్ద చదువుకున్న ఇద్దరు యువకులకు గచ్చిబౌలిలోనే ఉద్యోగాలు వచ్చాయి. మొదటివాడు ఆఫీసులో ఉండగా ఒక సాయంత్రం ఇంటి దగ్గర తండ్రికి ఆయాసం వచ్చింది. కొడుకు ఆ రద్దీలో గంటన్నరకు గాని రాలేకపోయాడు. ఈలోగా పక్కింటి పిల్లలు పెద్దాయనను ఆటోలో ఆసుపత్రికి చేర్చారు. ఒకడు చీటీ రాయించాడు, ఒకడు మందులు తెచ్చాడు. నలభై ఏళ్ళుగా ఒకే గల్లీలో ఉన్నందువల్ల దక్కిన ఆస్తి అది. ఏ అపార్టుమెంటులోనూ అది అద్దెతో పాటు రాదు. 

రెండవవాడి కథ వేరు. పిల్లలు లేవకముందే వెళ్ళి, నిద్రపోయాక వచ్చేవాడు. నాలుగేళ్ళ కూతురు అతనిని ‘ఇత్వార్ వాలే అబ్బా’, అంటే ఆదివారం నాన్న అని పిలవసాగింది. పొరుగు ఎంత మంచిదైనా ఆ పిల్లకు తండ్రి లోటు తీర్చలేదు కదా!

ఇద్దరూ చెరొక దారి ఎంచుకున్నారు. మొదటివాడు ఇల్లు మార్చలేదు, వేళ మార్చుకున్నాడు. పై అధికారిని అడిగి ఉదయం ఏడింటి కొలువు వేయించుకున్నాడు. ఫజర్ నమాజు కాగానే బయలుదేరితే పురానాపూల్ దారి ఖాళీ. సాయంత్రం రద్దీ మొదలుకాక ముందే ఇంట్లో ఉంటున్నాడు. రెండవవాడు తల్లిదండ్రులను కూడా వెంటబెట్టుకొని టోలీచౌకీకి మారాడు. ముసలివాళ్ళను పాతింట్లో వదలి తాను మాత్రం వెళ్ళలేదు. అడ్వాన్సు ఇచ్చే ముందు ఆ గల్లీలోని కిరాణా కొట్టతన్ని, ‘2020 అక్టోబరు వానల్లో ఇక్కడ నీళ్ళు ఎంతవరకు వచ్చాయి?’ అని అడిగాడు. ఆ నెల వానలకు టోలీచౌకీ నదీం కాలనీ మునిగిపోయిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఇంటి యజమాని చెప్పని మాట కిరాణా కొట్టతను చెబుతాడు. 

దారి విషయంలోనూ వానను మరువరాదు. హిమాయత్ సాగర్ గేట్లు ఎత్తినప్పుడు ఆ పక్కనున్న ఔటర్ సర్వీసు రోడ్డును మూసివేయడం జరుగుతుంటుంది. అందుచేత ఎవరికైనా రెండవ దారి ఒకటి తెలిసి ఉండాలి. ఇల్లు ఖాయం చేసుకునే ముందు ఆదివారం పోయి చూసి రావడం చాలదు. సోమవారం ఉదయం కొలువు వేళకు ఒకసారి, సాయంత్రం తిరిగి వచ్చే వేళకు ఒకసారి ఆ దారిన స్వయంగా నడిపి చూడాలి. ఇంటి గడప నుంచి ఆఫీసు కుర్చీ వరకు ఎంత సేపు పట్టిందో అదే అసలు దూరం.

రంజాన్ నెలలో ఈ లెక్కలన్నీ తప్పుతాయి. సాయంత్రాలు మదీనా, పత్తర్‌గట్టి, చార్మినార్ ప్రాంతాలు జనంతో కిక్కిరుస్తాయి. ఇఫ్తార్‌కు ఇల్లు చేరాలన్న ఆత్రంలో మన పిల్లలు బండ్లు దూకిస్తారు. సైరన్‌కు పది నిమిషాల ముందు రోడ్డు మీద ఉండే తొందర మనకందరికీ తెలిసినదే. సంచిలో నాలుగు ఖర్జూరాలు, ఒక నీళ్ళ సీసా ఉంచుకుంటే చాలు. బండి పక్కకు ఆపి ఉపవాసం విరమించవచ్చు. ఇంటివారు పది నిమిషాలు ఎదురుచూస్తారు. జరగరానిది జరిగితే జీవితమంతా ఎదురుచూడవలసి వస్తుంది.

సామెతలో రెండవ ముక్క తోడు గురించి. ఒకే మొహల్లా నుంచి ఒకే వైపు నలుగురు నాలుగు కార్లలో ఒంటరిగా పోవడం మేము చూస్తున్నాము. వారు ఒకరికొకరు తెలియరు. శుక్రవారం జుమా తర్వాత మసీదు మెట్ల మీద చెప్పులు వేసుకుంటూ ‘మీ కొలువు ఎటువైపు?’ అని పక్కవారిని అడిగి చూడండి. నలుగురూ ఒక కారులో వెళితే పెట్రోలు, టోలు నాలుగు వాటాలవుతాయి. ఒకరికి నిద్ర వస్తే మరొకరు నడుపుతారు. ఏ రోజైనా ఒకరు ఇంటికి చేరడం ఆలస్యమైతే, ఏమైందని అడగడానికి ఆ ఇంటివారికి తెలిసిన మనిషి ఒకడుంటాడు.