కాటేదాన్: కార్ఖానాల వాడ నుండి కొత్త పేటకు

హైదరాబాదు నుండి శంషాబాదు విమానాశ్రయమునకు పోవు మార్గమునకు చేరువనున్న కాటేదాన్ పారిశ్రామికవాడలో, బిస్కత్తుల, ప్లాస్టిక్ సామగ్రి కార్ఖానాల నడుమ, వ్యర్థజలములతో నురుగు గ్రక్కుచు నూర్ మహమ్మద్ కుంట చిరకాలముగా క్షీణించుచున్నది. 2008లో విమానాశ్రయము వెలసిన పిదప పరిసరభూముల విలువ పెరిగినది. 2025లో తెలంగాణ ప్రభుత్వము, రాజధానీప్రాంతమందలి ఇట్టి వాడలలోని సుమారు 9,292 ఎకరములను, రుసుము చెల్లించి, నివాస వాణిజ్యాది వినియోగములకు మార్చుకొనుటకు వీలు కల్పించు విధానమును ప్రకటించినది.

ఇట్టి భూవినియోగమార్పునకు ముంబాయి ఒక హెచ్చరిక. అచ్చటి నూలుమిల్లుల భూములలో 1991 నాటి నియమము మూడింట రెండు వంతులను బహిరంగస్థలములకును ప్రజాగృహములకును ఉద్దేశింపగా, 2001 నాటి సవరణ ఆ వాటాలను మిక్కిలి కుదించుటచే, మిల్లుకూలీల పేటలలో ఆకాశహర్మ్యములును మాల్సును లేచినవి.

కావున కాటేదానులో మొదట దూషితమైన నేలను, కుంటను శుద్ధిచేసి, శ్రామికులకు అందుబాటు ధరలో గృహములను, నడకదూరములో బడిని, వైద్యశాలను సమకూర్పవలెను. కూలివానికి చోటులేని నవనగరము అభివృద్ధి యనిపించుకొనదు.