తారు కింది వాల్వులు

ప్రతి నెలాఖరున మన కార్యాలయాలలో జరిగే పదవీ విరమణ సభలు పాఠకులకు కొత్తవి కావు. ఒక శాలువా, ఒక పూలదండ, ఒక గోడ గడియారం, పెద్దల ప్రసంగాలు, మిర్చి బజ్జీలు, చివర అందరూ కలిసి దిగే ఫొటో. మరుసటి సంచికలో ఆ ఫొటో కింద రెండు పంక్తులు. అటువంటి రెండు పంక్తులు ఈ వ్యాసకర్త ఎన్నో రాశాడు. అయితే ఇటీవల మూసీకి దక్షిణాన ఉన్న ఒక సెక్షన్‌లో పదవీ విరమణ చేసిన లైన్‌మన్ విషయంలో ఆ రెండు పంక్తులు చాలవని తోచింది. ఆయన వెంట సెక్షన్ నుంచి ఏమి వెళ్లిపోబోతున్నదో చివరి నెలలో గాని ఎవరికీ తట్టలేదు. తన పేరు రాయవద్దని ఆయన గట్టిగా కోరారు. ఆ కోరికను మన్నించి, సెక్షన్‌లో చిన్నా పెద్దా అందరూ పిలిచినట్లే ఆయనను "పెద్దన్న" అనే పేర్కొంటున్నాను.

పెద్దన్న 1988లో దినసరి కూలీగా పనిలో చేరారు. 1989 నవంబరు 1న నగర మంచినీటి సరఫరాకు, మురుగునీటి పారుదలకు ప్రత్యేకంగా బోర్డు ఏర్పడిన నాటికి ఆయన సీసం కరిగించే ముఠాలో ఉన్నారు. యువ సహోద్యోగులలో చాలామంది ఆ పనిని చూసి ఉండరు. పోత ఇనుప గొట్టాల కొసలను ఒకదానిలో ఒకటి దూర్చి, సందులో జనపనారను కుక్కి, ఆపైన కరిగిన సీసాన్ని పోసేవారు. అది చల్లారిన తరువాత ఉలితో, సుత్తితో చుట్టూ కొట్టి బిగించేవారు. గుంటలో ఏ మాత్రం తడి ఉన్నా సీసం చిట్లి పైకి లేచేది. పెద్దన్న ఎడమ ముంజేతి మీద అరచేయి వెడల్పున ఉన్న మచ్చ ఆ రోజులదే. ఆ విధంగా బిగించిన అతుకులు కొన్ని నేటికీ నగర వీధుల కింద చుక్క నీరు కారనివ్వకుండా పని చేస్తున్నాయన్న సంగతి ఆయన ఒకింత గర్వంతోనే చెబుతారు. ఆ గర్వం ఆయనకు తగినదే.

1908 సెప్టెంబరు 28నాటి మూసీ వరద తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాను అనుసరించి నిర్మించిన ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఉస్మాన్‌సాగర్ పూర్తి నీటిమట్టం సముద్రమట్టానికి 1790 అడుగుల ఎత్తున ఉంటుంది. నగరం అంతకంటె దిగువన ఉండడం వల్ల నీరు తనంత తానే పల్లానికి ప్రవహించి వచ్చేది. మోటార్ల అవసరం పెద్దగా ఉండేది కాదు. పాత వీధుల గొట్టాలు, వాల్వులు అన్నీ నీరు పడమటి నుంచి వస్తుందన్న లెక్కతోనే వేసినవి. తరువాత మంజీరా నీరు వచ్చింది. 2004లో నాగార్జునసాగర్ జలాశయం నుంచి కృష్ణా నీరు నూట పదహారు కిలోమీటర్ల దూరం దాటుకొని ఆగ్నేయ దిక్కు నుంచి నగరంలో ప్రవేశించింది. దానితో పెద్దన్న సెక్షన్‌లో తలకిందులైనంత పని జరిగింది.

"అప్పటిదాంక కొసకున్న గల్లీలు మొదటికొచ్చినయి సార్. మొదలున్న గల్లీలు కొసకు పోయినయి. గొట్టం అదే, వాల్వు అదే. నీళ్లు మాత్రం ఉల్టా వస్తున్నయి."

కాగితం మీద ఇది ఒక చిన్న మార్పు. వీధిలో ఇది కొన్ని మాసాల రాత్రిపూట శ్రమ. ఏ వాల్వును ఎంత తెరిస్తే కొస ఇంటికి బిందె నిండుతుందో, ఏది ఎక్కువ తెరిస్తే మిట్టమీది ఇళ్లు ఎండిపోతాయో మళ్లీ మొదటి నుంచి తెలుసుకోవలసి వచ్చింది. నగరంలో చాలా ప్రాంతాలకు రోజు విడిచి రోజు కొద్ది గంటలు మాత్రమే నీరు వదిలే పద్ధతి ఉన్నందున, సరఫరా న్యాయంగా జరగడమన్నది చివరకు ఇనుప కీ పట్టుకొని నిలబడిన మనిషి చేతిలోనే ఉంటుంది. ఆ కొత్త లెక్క ఏ రిజిస్టరులోనూ ఎక్కలేదు. పెద్దన్న చేతికి, భుజానికి, తలకు ఎక్కింది.

వాల్వు తిప్పడంలో అంత విద్య ఏమున్నదని కుటుంబ సభ్యులైన పాఠకులకు సందేహం కలగవచ్చు. ఈ వ్యాసకర్తకూ కలిగింది. లెక్కల విభాగంలో జీవితం గడిపినవాడికి వాల్వు అంటే స్టాకు రిజిస్టరులో ఒక పద్దు మాత్రమే. ఆయన వెంట ఒక వేకువన మూడు గంటలకు వెళ్లిన తరువాత గాని అందులోని మర్మం బోధపడలేదు.

ఖాళీగా ఉన్న గొట్టంలో గాలి ఉంటుంది. వాల్వును ఒక్కసారిగా తెరిస్తే నీరు ఆ గాలిని ముందుకు నెడుతుంది. ఇళ్లలోని మీటర్లు గాలికే గిరగిర తిరుగుతాయి, పాత అతుకులు చిట్లుతాయి. మూసేటప్పుడు మరొక చిక్కు. గేటు వాల్వును సగం మూసినా ప్రవాహం పెద్దగా తగ్గదు. చివరి కొద్ది తిప్పుళ్లలోనే నీరు నిలిచిపోతుంది. ఆ చివరి తిప్పుళ్లను తొందరగా తిప్పితే, పరుగెత్తి వస్తున్న నీరంతా ఒక్కసారి ఆగి గొట్టాన్ని సమ్మెటలా మోదుతుంది. వీధి కింద దడాలున చప్పుడు వినబడితే తెల్లవారేసరికి ఎక్కడో ఒకచోట రోడ్డు మీద నీరు ఉబుకుతూ ఉంటుంది. అందువల్ల పెద్దన్న తెరిచేటప్పుడు రెండు తిప్పుళ్లు తిప్పి ఆగుతారు. కీ కొసను చెవికి ఆనించి వింటారు. గాలి పోయిన చప్పుడు మారిన తరువాత మళ్లీ తిప్పుతారు. ఒక పన్నెండు అంగుళాల వాల్వు దగ్గర ఆయన పెదవులు కదులుతూ ఉంటే జపం చేస్తున్నారేమో అనుకొన్నాను. ముప్పై ఎనిమిది వరకు లెక్కపెడుతున్నారు.

అన్నింటికంటె ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. అన్ని వాల్వులూ ఒకే వైపు తిరగవు. వేర్వేరు కాలాలలో వేర్వేరు చోట్ల తయారై వచ్చిన వాటిలో కొన్ని కుడికి తిప్పితే మూసుకుంటాయి, కొన్ని ఎడమకు తిప్పితే మూసుకుంటాయి. కొత్తవాడు వచ్చి, అప్పటికే పూర్తిగా మూసుకొన్న వాల్వును తెరుస్తున్నానని అనుకొని బలమంతా పెట్టి అదే వైపు తిప్పితే లోపలి ఇరుసు విరుగుతుంది. ఆపైన గొయ్యి తవ్వక తప్పదు. రెండు మూడు రోజులు వీధికి నీరు ఉండదు. తన సెక్షన్‌లో ఏ వాల్వు ఎటు తిరుగుతుందో పెద్దన్నకు కంఠస్థం.

ఆయన చేతిలోని కీ వల్ల ఒకసారి ఎంత మేలు జరిగిందో సెక్షన్‌లో పాతవారందరూ చెబుతారు. ఒక వర్షాకాలంలో ఎవరో కేబుల్ కోసం తవ్విన గుంటలో మురుగు గొట్టం, దాని పక్కనే ఉన్న మంచినీటి గొట్టం రెండూ దెబ్బతిన్నాయి. పైకి ఏమీ కనిపించలేదు. మన్ను కప్పి వెళ్లిపోయారు. నీరు వదిలినప్పుడు గొట్టంలో ఒత్తిడి ఉంటుంది గనుక మంచినీరు బయటకు కారుతుంది. నీరు ఆపిన తరువాత ఖాళీ అయిన గొట్టం చుట్టూ ఉన్న మురుగును లోపలికి పీల్చుకొంటుంది. అంతరాయాలతో నీరు ఇచ్చే ప్రతి నగరంలోనూ పొంచి ఉన్న ప్రమాదం ఇదే. ఆ వేకువన నీరు వదిలి గల్లీలో నడుస్తూ ఉంటే ఒక ముసలమ్మ గుమ్మంలోంచి, "ఏం నాయనా, ఇయ్యాల నీళ్లు వేరే తీరు వాసనొస్తున్నయి" అన్నదట. పెద్దన్న నీటిని దోసిట్లో పట్టి చూశారు. తనకు వాసన తెలియలేదు. అయినా క్లోరిన్ పరీక్ష చేశారు. కొస నల్లా దగ్గర కూడా లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది నియమం. సీసాలో రంగు ఏ మాత్రం మారలేదు. పై అధికారికి ఫోను చేసి, జవాబు వచ్చేలోగానే పరుగెత్తి వెళ్లి వాల్వు మూసివేశారు. ఆ తరువాత ఇల్లిల్లూ తిరిగి పట్టిన నీళ్లు పారబోయించారు. కొందరు తిట్టారు కూడా. ఆ గల్లీలో ఎవరూ ఆసుపత్రి పాలు కాలేదు. జరగని కీడును ఏ రికార్డులోనూ రాయరు గనుక ఈ సంగతి ఏ ఫైలులోనూ కనిపించదు.

తిట్ల విషయం వచ్చింది గనుక ఒక మాట. 2016 వేసవి నాటికి సింగూరు, మంజీరా, రెండు పాత జలాశయాలు అడుగంటిన సంగతి పాఠకులు మరచి ఉండరు. అంతకు కొన్ని మాసాల ముందు, 2015 చివరలో, ఎల్లంపల్లి నుంచి గోదావరి నీరు రాకపోయి ఉంటే నగర పరిస్థితి ఊహించడానికే కష్టం. ఆ వేసవిలో వేళలు మారిన ప్రతిసారీ వీధిలో మహిళల ముందు జవాబు చెప్పుకొన్నది లైన్‌మన్‌లే. "వాళ్ల కోపం నా మీద కాదు సార్, ఖాళీ బిందె మీద," అంటారు పెద్దన్న. ఆయన శ్రీమతి మాత్రం అంత ఉదారంగా మాట్లాడరు. ఇన్నేళ్లలో బోనాల పండుగ నాడు భర్త మధ్యాహ్నం రెండు గంటలకు ముందు ఇంట్లో అన్నం తినలేదని, బిడ్డ పెండ్లి నాడు కూడా వేకువన వాల్వు తిప్పి వచ్చిన తరువాతే పట్టుబట్టలు కట్టారని ఆమె చెప్పారు. ఇంట్లో గడియారం ఎందుకు, ఆయన లేచే వేళే గడియారమని ఆమె అన్నప్పుడు, సభలో మనం ఇవ్వబోయే కానుక గుర్తుకు వచ్చి కొంచెం సిగ్గనిపించింది.

ఇక చివరి నెల సంగతి. సెక్షన్ మేనేజరుగారు పటం తెరిచి చూస్తే అందులో కొత్త కాలనీల గొట్టాలు చక్కగా ఉన్నాయి. పాత వీధుల వాల్వులు కొన్ని ఉన్నాయి, కొన్ని లేవు. ఉన్నవాటిలోనూ ఏది ఎటు తిరుగుతుందన్న సమాచారం లేదు. ఆ నెలంతా పెద్దన్నను మామూలు విధుల నుంచి తప్పించి, కొత్తగా చేరిన ఒక యువ సహోద్యోగిని ఆయనకు జతచేశారు. ఆ అబ్బాయి చేతిలో ట్యాబ్, ఇనుప మూతలను పసిగట్టే పరికరం. పెద్దన్న చేతిలో కీ, ఒక గడ్డపార.

చూడ ముచ్చటైన జంట అనాలి. మొదటి వారం ఇద్దరికీ పొసగలేదు. అబ్బాయి ఉపగ్రహం చెప్పిన బిందువు దగ్గర నిలబడితే, పెద్దన్న అక్కడికి నాలుగు గజాల దూరంలో నిలబడి "ఈడ" అనేవారు. ఇద్దరూ తప్పిన సందర్భాలు ఉన్నాయి. పెద్దన్న గురుతులన్నీ చెట్లు, అరుగులు, దుకాణాలు. వేపచెట్టుకు ఏడడుగులు తూర్పున అని ఆయనకు గుర్తు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ చెట్టు పోయింది. ఇరానీ హోటలు మెట్టుకు ఎదురుగా అని మరొక గుర్తు; హోటలు పోయి సెల్‌ఫోన్ల దుకాణం వచ్చింది, మెట్టు కూడా లేదు. పొర మీద పొరగా వేసిన తారు కింద వాల్వు మూతలు జానెడు లోతుకు దిగిపోయాయి. పరికరం కూతపెట్టిన చోట తవ్వితే ఒకసారి పాత రైలు పట్టా ముక్క, మరొకసారి గుర్రపు నాడా బయటపడ్డాయి.

రెండవ వారంలో ఒక మార్పు వచ్చింది. మూత తెరిచిన ప్రతి గదిలోకి వంగబోయిన అబ్బాయిని పెద్దన్న రెక్క పట్టి వెనక్కి లాగి, కొంతసేపు మూత తీసి ఉంచిన తరువాతే దగ్గరకు రానిచ్చారు. మురుగు గొట్టాల పక్కనున్న వాల్వు గదులలోకి కూడా విషవాయువు చేరుతుంది. కుళ్లిన కోడిగుడ్డు వాసన వచ్చినంతసేపు మనిషికి హెచ్చరిక ఉన్నట్లే. వాయువు మోతాదు పెరిగితే ముక్కు ఆ వాసనను గుర్తించడమే మానేస్తుంది. వాసన పోయింది గనుక గాలి శుభ్రపడిందని లోపలికి దిగినవారు తిరిగి రాలేదు. వారిని కాపాడబోయి దిగినవారూ రాలేదు. 2013 నాటి చట్టం రక్షణ పరికరాలు లేకుండా మురుగు కాలువలలోకి మనుషులను దించడాన్ని నిషేధించింది. అటువంటి మరణాలకు పరిహారాన్ని ముప్పై లక్షల రూపాయలకు పెంచుతూ 2023 అక్టోబరులో సర్వోన్నత న్యాయస్థానం తీర్పు చెప్పింది. పెద్దన్న ఈ తీర్పును చదవలేదు. తనతో పనిలో చేరిన ఒక స్నేహితుడి పేరు మాత్రం ఆ అబ్బాయికి చెప్పారు. ఆ రోజు నుంచి అబ్బాయి ఆయనను "సార్" అనడం మాని "పెద్దన్నా" అనసాగాడు.

ప్రతి వాల్వు దగ్గర ట్యాబులో అంకెలు నమోదయ్యాయి: వ్యాసం, లోతు, తిప్పుళ్లు, ఎటు తిరిగితే మూసుకొంటుంది. "వ్యాఖ్యలు" అన్న గడిలో అబ్బాయి పెద్దన్న మాటలను ఉన్నవి ఉన్నట్లు రాసుకొన్నాడు. "ఇరవై తర్వాత పట్టేస్తది, గుంజొద్దు, వెనకకు రెండు తిప్పి మళ్ల పో." "ఈ గల్లీల మిట్టమీద ముగ్గురు ముసలోళ్లున్నరు, ఐదు నిమిషాలు ఎక్కువియ్యి." సాంకేతిక విభాగంవారు ఆ రెండవ వ్యాఖ్యను తొలగించమన్నారట. సెక్షన్ మేనేజరుగారు ఉంచమన్నారు. ఈ వ్యాసకర్త అభిప్రాయం కూడా మేనేజరుగారి పక్షమే.

పెద్దన్న లెక్క ప్రకారం ఆ సెక్షన్ పాత వీధులలో అరవై ఒక్క వాల్వులు. నెల ముగిసేనాటికి యాభై నాలుగు దొరికాయి. వాటి మూతలను రోడ్డు మట్టానికి ఎత్తి పసుపు రంగు పూశారు. మిగిలిన ఏడు తారు కిందనే ఉన్నాయి. అందులో రెండు తాను చేరక ముందే వేసినవని, వాటిని తానెన్నడూ తిప్పలేదని, తనకు నేర్పిన మేస్త్రీ నోట విన్నానని ఆయన చెప్పారు. 1990కి పూర్వం మూసీకి దక్షిణాన ఉన్న సెక్షన్లలో పని చేసి, ప్రస్తుతం విశ్రాంత జీవితం గడుపుతున్న సహోద్యోగులలో ఎవరికైనా ఆ పాత లైనుల జాడ తెలిసి ఉంటే, లేదా వారి ఇండ్లలో ఆనాటి చేతిరాత పటాలు, నోటు పుస్తకాలు ఉంటే, పత్రిక కార్యాలయానికి ఒక ఉత్తరం ముక్క రాయవలసిందిగా ప్రార్థిస్తున్నాము. రావడానికి ఓపిక లేనివారి ఇంటికి ఆ యువ సహోద్యోగే వస్తాడు. అతనితో పెద్దన్న కూడా వస్తానన్నారు; వేకువన మూడు గంటలకు మెలకువ వచ్చే అలవాటు ఇంకా పోలేదట.