ఇంట్లో బిట్‌కాయిన్ మైనింగ్ మెషిన్ పెడితే లాభమా? కరెంటు బిల్లే మిగులుతుందా? ఏ మెషిన్‌కు ఎంత ఖర్చో లెక్క చూడండి!

ఇంట్లో ఓ మూల మెషిన్ పెడితే చాలు.. రాత్రీ పగలూ బిట్‌కాయిన్లు వచ్చిపడతాయంటూ రీల్స్‌లో ఊదరగొడుతున్నారు. అది చూసి కొందరు అప్పు చేసి మరీ మెషిన్లు కొనేందుకు సిద్ధమవుతున్నారు. మరి మన కరెంటు రేట్లకు, మన ఎండలకు ఈ మెషిన్లు గిట్టుబాటు అవుతాయా? ఏ మెషిన్ ఎంత కరెంటు తాగుతుంది, తిరిగి ఎంత ఇస్తుంది? కొనేముందు ఈ లెక్క తెలుసుకోవాల్సిందే.

ముందుగా ఓ విషయం. పాత కంప్యూటర్‌కు గ్రాఫిక్స్ కార్డు పెట్టి మైనింగ్ చేసే రోజులు దాదాపు పోయాయి. ఆ కార్డులకు పని కల్పించిన ఎథీరియం 2022 సెప్టెంబర్‌లో మైనింగ్ పద్ధతినే వదిలేసింది. బిట్‌కాయిన్‌కైతే ఏసిక్ అనే ప్రత్యేక చిప్‌లున్న మెషిన్లే కావాలి. మైనింగ్ తప్ప ఇంకో పనికి అవి పనికిరావు.

మైలేజీ చూడాలి.. స్పీడ్ కాదు!

అమ్మేవాళ్లు చెప్పేది టెరాహ్యాష్‌లు, అంటే మెషిన్ స్పీడ్. కానీ చూడాల్సింది ఒక్కో టెరాహ్యాష్‌కు ఎంత కరెంటు ఖర్చవుతుందన్నది. బైక్ కొనేటప్పుడు మైలేజీ అడుగుతాం కదా.. ఇదీ అంతే. 2016లో వచ్చిన యాంట్‌మైనర్ ఎస్9కు టెరాహ్యాష్‌కు దాదాపు 98 వాట్లు కావాలి. ఎస్19 ప్రోకు 30 వాట్లు సరిపోతాయి. ఎస్21కు పదిహేడున్నర వాట్లు చాలు.

ఇక రాబడి సంగతి. 2024 ఏప్రిల్‌లో బ్లాక్‌కు ఇచ్చే బహుమతి సగానికి తగ్గి 3.125 బిట్‌కాయిన్లయింది. రోజుకు సుమారు 144 బ్లాకులు. అంటే ప్రపంచంలోని మైనర్లందరికీ కలిపి రోజుకు వచ్చేది 450 బిట్‌కాయిన్లే. నెట్‌వర్క్ మొత్తం సామర్థ్యం 2025లో 100 కోట్ల టెరాహ్యాష్‌లు దాటింది. అందులో మీ మెషిన్ వాటా ఎంతో అంతే మీ చేతికొస్తుంది. లావాదేవీల ఫీజుల్లోనూ వాటా ఉంటుంది కానీ అది చాలా తక్కువ.

ఒక బిట్‌కాయిన్ ధర కోటి రూపాయలు అనుకుందాం. 2025లో ఆ గీత దాటి మళ్లీ కిందికొచ్చింది కాబట్టి ఇది ఉదారంగా వేసిన లెక్కే. 200 టెరాహ్యాష్‌ల ఎస్21 నెలకు దాదాపు 27 వేల రూపాయలు తెస్తుంది. బాగానే ఉందనిపిస్తుంది. అయితే ఇది 3,500 వాట్ల మెషిన్. రోజుకు 84 యూనిట్లు, నెలకు 2,520 యూనిట్లు! తెలంగాణలో గృహ వినియోగం 800 యూనిట్లు దాటితే యూనిట్ 10 రూపాయలు, ఏపీలో 400 దాటితే రూ.9.75. ఈ ఒక్క మెషిన్‌కే దాదాపు 24 వేల బిల్లు వస్తుంది.

మూడు వేలు మిగిలాయి కదా అంటారా? ఆగండి. క్రిప్టో ఆదాయంపై 30 శాతం పన్ను ఉంది. మైనింగ్ కోసం పెట్టిన మౌలిక సదుపాయాల ఖర్చును కొనుగోలు ఖర్చుగా లెక్కించబోమని కేంద్ర ఆర్థిక శాఖ 2022 మార్చిలోనే పార్లమెంటులో చెప్పేసింది. అంటే పన్ను పడేది మిగిలిన 3 వేలపై కాదు, వచ్చిన 27 వేలపై. అదే 8,100 రూపాయలు, సెస్ అదనం. మొత్తానికి నెలకు 5 వేలకు పైగా చేతి నుంచి పడుతుంది. మెషిన్ ధర ఇందులో కలపనే లేదు!

పాత మెషిన్ల పరిస్థితి ఇంకా దారుణం. 110 టెరాహ్యాష్‌ల ఎస్19 ప్రో నెలకు 15 వేల లోపే తెస్తుంది, బిల్లు మాత్రం 22 వేలు. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికే ఎస్9 అయితే 1,800 రూపాయల కోసం 8 వేలకు పైగా కరెంటు కాలుస్తుంది. ఫ్రీగా ఇచ్చినా దండగే.

చిన్న మెషిన్లు కొంటే?

ఇళ్ల కోసమే తయారైనవీ ఉన్నాయి. అవలాన్ మినీ 3 శక్తి 37.5 టెరాహ్యాష్‌లు, కరెంటు 800 వాట్లు. నెలకు 5 వేలు వస్తే, బిల్లూ 5 వేలకు పైనే. నిజానికి దీన్ని రూమ్ హీటర్‌గానూ వాడుకునేలా తయారుచేశారు. చలి దేశాల్లో హీటర్‌కు ఎలాగూ కరెంటు కాల్చేవాళ్లకు ఓ అర్థముంది. విజయవాడ మే నెలలో హీటర్ ఎవరికి కావాలి?

6 టెరాహ్యాష్‌ల అవలాన్ నానో 3ఎస్‌కు 140 వాట్లే. నెలకు వంద యూనిట్లు, రాబడి 800 రూపాయల చిల్లర. ఇక్కడ తెలంగాణ వాళ్లకు ఓ చిక్కుంది. గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు వాడితేనే జీరో బిల్లు. 150 యూనిట్లు వాడే ఇంట్లో ఈ మెషిన్ పెడితే 250కి చేరుతుంది. జీరో బిల్లు కాస్తా 1,400 దాటుతుంది.

అరచేతిలో పట్టే బిట్‌యాక్స్ గామా 1.2 టెరాహ్యాష్‌ల మెషిన్. 20 వాట్ల లోపే, సెల్ ఛార్జర్‌తో సమానం. దీన్ని చాలామంది లాటరీలా సోలోగా నడుపుతారు. బ్లాక్ తగిలితే మొత్తం 3.125 బిట్‌కాయిన్లూ మీవే. కాకపోతే సగటున ఒక్క బ్లాక్ తగలడానికి 15 వేల ఏళ్లకు పైగా పడుతుంది. ఎక్కడో ఒకరికి తగిలితే అది వార్త అవుతుంది. తగలని లక్షల మంది గురించి ఎవరూ రీల్ చేయరు. మైనింగ్ ఎలా పనిచేస్తుందో నేర్చుకోవాలన్న సరదాకైతే ఇదొక్కటే ఇంట్లో పెట్టదగ్గది.

శబ్దం, వేడి, వైరింగ్..

ఎస్21 శబ్దం 75 డెసిబెల్స్ పైమాటే. వాక్యూమ్ క్లీనర్ 24 గంటలూ ఆన్‌లో ఉన్నట్టే. అపార్ట్‌మెంట్‌లో పక్కింటివాళ్లు ఊరుకోరు. పైగా అది తీసుకున్న 3,500 వాట్లూ వేడిగానే బయటికొస్తాయి. ఆ వేడిని తీయడానికి ఒక టన్ను ఏసీ పూర్తిగా దానికే కేటాయించాలి. ఆ ఏసీ కరెంటు మళ్లీ వేరే! రెంటచింతల, రామగుండంలో పాదరసం 45 దాటే రోజుల్లో మెషిన్ తనంతట తానే ఆగిపోయే ప్రమాదమూ ఉంది.

ఇది 15 ఆంపియర్లకు పైగా లాగుతుంది. ఏసీలాగా మధ్యలో ఆగదు. పాత వైరింగ్, లూజు సాకెట్ ఉంటే కాలిపోతాయి. మంటలు లేచినా ఆశ్చర్యం లేదు. మీ మీటర్‌కు ఎన్ని కిలోవాట్ల లోడు మంజూరైందో కూడా చూసుకోవాలి. గృహ కనెక్షన్‌ను వ్యాపారానికి వాడుతున్నారని డిస్కం తేల్చితే, విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద రెట్టింపు రేటు వేయొచ్చు.

సోలార్ ఉంది కదా అనేవాళ్లూ ఉన్నారు. 3 కిలోవాట్ల రూఫ్‌టాప్ రోజుకు ఇచ్చేది సుమారు 12 యూనిట్లు. ఎస్21కు కావాల్సింది 84.

'మెషిన్ మా దగ్గరే ఉంటుంది, మీరు డబ్బు కడితే చాలు, రోజూ ఫోన్‌లో లాభం చూసుకోండి' అనే యాప్‌లతో మరింత జాగ్రత్త. యాప్‌లో కనిపించే అంకె బ్యాంకులోకి రాదు. విత్‌డ్రా చేయాలంటే ముందు ఇంకొంత కట్టమని అడిగారంటే మోసమే. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930 నంబర్‌కు ఫోన్ చేయాలి.