స్వచ్ఛంద డెవలపర్ల సభ: ఖర్చు ఎవరిది, లాభం ఎవరికి?

ఖరగ్‌పూర్ పేరు చెప్పగానే 1072.5 మీటర్ల రైల్వే ప్లాట్‌ఫాం గుర్తొస్తుంది. రైల్వే ఉద్యోగాల కోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ ఊళ్లో తరతరాలుగా ఉన్నాయి. ఇక్కడి హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలోనే 1951లో దేశపు తొలి ఐఐటీ లాంఛనంగా ప్రారంభమైంది. ఆ ఐఐటీ విద్యార్థుల బృందమైన ఖరగ్‌పూర్ ఓపెన్ సోర్స్ సొసైటీ 'ఖరగ్‌పూర్ వింటర్ ఆఫ్ కోడ్' అనే కార్యక్రమం నడుపుతోంది. గూగుల్ 2005లో మొదలుపెట్టిన 'సమ్మర్ ఆఫ్ కోడ్' తరహాలో సాగే ఈ ఐదు వారాల ఆన్‌లైన్ శిక్షణలో, కొత్త విద్యార్థులు మెంటార్ల సాయంతో నిజమైన ప్రాజెక్టులకు కోడ్ రాస్తారు.

ఓపెన్ సోర్స్ అంటే మూల కోడ్‌ను ఎవరైనా చూసి, మార్చి, పంచుకోగల సాఫ్ట్‌వేర్. దాన్ని రాసేవారిలో చాలామంది స్వచ్ఛంద సేవకులు. మరి వారిని ఒకచోట చేర్చే ఖర్చు ఎవరు భరిస్తారు?

అసలు కలవడం ఎందుకు?

పది మంది ఉన్న బృందంలో ఇద్దరిద్దరి మధ్య సాధ్యమయ్యే సంబంధాలు 45. అదే 200 మంది అయితే 19,900. మనుషులు పెరిగే కొద్దీ సంబంధాలు అంతకంటే ఎన్నో రెట్లు పెరుగుతాయి. అవన్నీ ఈమెయిళ్లతో నిలబడవు. నెలల తరబడి తెగని వాదం ఒక్కోసారి టీ తాగుతూ పది నిమిషాల్లో తేలిపోతుంది.

నమ్మకం మరో కారణం. డెబియన్ ఆపరేటింగ్ సిస్టమ్ డెవలపర్లు తాము పంపే కోడ్‌పై డిజిటల్ సంతకం చేస్తారు. ఆ సంతకం ఫలానా మనిషిదేనని, ముఖాముఖి కలిసి గుర్తింపు పత్రాలు చూసి ధ్రువీకరించుకునే సంప్రదాయం వారిలో ఉంది. వారి వార్షిక సభ 'డెబ్‌కాన్ఫ్' 2000లో ఫ్రాన్స్‌లోని బోర్డోలో మొదలైంది. 2023 సెప్టెంబరు 10 నుంచి 17 వరకు కొచ్చిలో, తొలిసారిగా మన దేశంలో జరిగింది.

లెక్క ఇలా ఉంటుంది

సభ ఖర్చులు రెండు రకాలు. హాలు, ఇంటర్నెట్, వీడియో రికార్డింగ్ వంటివి ఎంతమంది వచ్చినా మారని స్థిర ఖర్చులు. భోజనం, టీషర్టు వంటివి తలకింత అని పెరిగేవి. ఉదాహరణకు స్థిర ఖర్చు రూ.2 లక్షలు, తలసరి ఖర్చు రూ.600 అనుకుందాం. 200 మంది వస్తే మొత్తం రూ.3.20 లక్షలు, అంటే ఒక్కొక్కరికి రూ.1,600. వంద మందే వస్తే అది రూ.2,600 అవుతుంది. విద్యార్థులు కూడా రాగలిగేలా టికెట్ రూ.300 పెడితే, 200 మంది నుంచి వచ్చేది రూ.60 వేలే. మిగతా రూ.2.60 లక్షలు స్పాన్సర్ల నుంచి రావాలి.

అందుకే నిర్వాహకులు ప్లాటినం, గోల్డ్, సిల్వర్, బ్రాంజ్ అంటూ స్థాయిలు పెడతారు. నగదు ఇవ్వలేని సంస్థ హాలో, సర్వరో, భోజనమో సమకూర్చవచ్చు. కాలేజీ ప్రాంగణం దొరికితే స్థిర ఖర్చులో పెద్ద భాగం తగ్గుతుంది. ఆన్‌లైన్ కార్యక్రమానికి హాలుతో పనే లేదు. అక్కడ అన్నిటికంటే విలువైన విరాళం మెంటార్ల సమయం.

కంపెనీలకు ఏం లాభం?

తాము వాడే సాఫ్ట్‌వేర్ బాగుండాలన్నది వాటి మొదటి అవసరం. నైపుణ్యం ఉన్న కొత్త ఉద్యోగులు దొరుకుతారన్నది రెండోది. ఈ అవసరాన్ని పట్టించుకోకపోతే ఏమవుతుందో 2014 ఏప్రిల్‌లో బయటపడిన 'హార్ట్‌బ్లీడ్' లోపం చూపించింది. లక్షలాది వెబ్‌సైట్ల భద్రతకు ఆధారమైన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో ఆ లోపం రెండేళ్లపాటు ఎవరి కంటా పడలేదు. ఆ ప్రాజెక్టుకు అప్పట్లో ఏటా అందే విరాళాలు సుమారు 2,000 డాలర్లే! ఆ తర్వాతే పెద్ద కంపెనీలు కలిసి ఇలాంటి ప్రాజెక్టులకు నిధి ఏర్పాటు చేశాయి.

డబ్బుతో వచ్చే చిక్కు

సగానికి పైగా డబ్బు ఒక్క కంపెనీయే ఇస్తే, అది చివరి నిమిషంలో తప్పుకున్నప్పుడు సభే ఆగిపోవచ్చు. తప్పుకోకపోయినా, వేదికపై ఎవరు మాట్లాడాలో ఆ కంపెనీయే నిర్ణయించే ప్రమాదం ఉంది. అందుకే అనుభవం ఉన్న బృందాలు చిన్న స్పాన్సర్లను ఎక్కువమందిని వెతుకుతాయి, ప్రసంగాల ఎంపికను నిధుల సేకరణకు దూరంగా ఉంచుతాయి, సభ ముగిశాక జమాఖర్చులు బయటపెడతాయి. హాలుకు అడ్వాన్స్ ఇచ్చే ముందే కనీస నిధి చేతికి అందేలా చూసుకోవడం మరో జాగ్రత్త.

ఇది తెలుగువారికీ సంబంధించిన విషయమే. మార్కెట్ చిన్నదని కంపెనీలు వదిలేసిన చోట, ఫైర్‌ఫాక్స్ వంటి సాఫ్ట్‌వేర్లను తెలుగులోకి తెచ్చింది స్వచ్ఛంద సేవకులే. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే 'స్వేచ్ఛ' సంస్థ తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌నే రూపొందించింది. అలాంటి పనికి రేపు చేతులు కావాలంటే, కొత్తవారు పాతవారిని కలిసే చోటు ఉండాలి. ఆ చోటుకయ్యే అద్దె ఎవరో ఒకరు కట్టాల్సిందే.