పథ్యం పేరుతో పస్తులుంచుతున్నారా?

ఇంట్లో ఒకరు మంచం పట్టారంటే చూడ్డానికి వచ్చినవాళ్లంతా తలా ఒక పథ్యం చెప్పిపోతారు. గుడ్డు వేడి, పెరుగు జలుబు, పప్పు తింటే కుట్లు చీము పడతాయి! అన్నీ పాటిస్తే రోగి పళ్లెంలో మిగిలేది చారూ మెతుకులే. చీము పట్టేది సూక్ష్మక్రిముల వల్ల, పప్పు వల్ల కాదు. కోసిన చోట కొత్త కండ రావడానికి కావలసిన మాంసకృత్తులు ఆ పప్పులోనూ, గుడ్డులోనూ, పాలలోనూ ఉన్నాయి. జ్వరం ఒక సెంటీగ్రేడు డిగ్రీ పెరిగితే శరీరం ఖర్చుపెట్టే శక్తి సుమారు పదోవంతు పెరుగుతుంది. అలాంటప్పుడు తిండి తగ్గిస్తే ఎలా చెప్పండి?

గోరంట్ల వైపు ఇళ్లను చూడండి. 2022 దాకా అనంతపురం జిల్లాలో ఉండి, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చిన కరువు సీమ అది. పెద్ద జబ్బు వస్తే హిందూపురమో, పుట్టపర్తో, బెంగళూరో పరుగెత్తుతారు. తిరిగొచ్చాక ఆపిల్స్, డబ్బా పొడుల కోసం అప్పు చేసేవాళ్లున్నారు. ఇంట్లో డబ్బాల్లో ఉన్నవాటిని ఎందుకు మరిచిపోవాలి? నూరు గ్రాముల వేరుశనగ పప్పులో మాంసకృత్తులు సుమారు 25 గ్రాములు, ఉలవల్లో 22. రాగుల్లో కాల్షియం 340 మిల్లీగ్రాములకు పైనే, బియ్యంలో పది దాకా.

జ్వరం తగ్గి నీరసపడ్డవారికి మొలకెత్తిన రాగుల జావ పెట్టండి. రాగులు రాత్రంతా నానబెట్టి, గుడ్డలో మూటకట్టి, మొలక వచ్చాక ఆరబెట్టి, దోరగా వేయించి పిండి పట్టించండి. మొలక వచ్చిన పిండితో జావ గట్టిపడదు. అందుకని అదే గ్లాసులో ఎక్కువ పిండి పడుతుంది, రోగి తేలిగ్గా తాగేస్తాడు. దించాక ఒక చెంచా వేయించిన వేరుశనగ పొడి, పాలు, బెల్లం కలపండి. బూజు పట్టినవీ, ముడుచుకుపోయినవీ మాత్రం ఏరి పారేయండి. అవి కాలేయానికి విషం. ఒకేసారి పళ్లెం నిండా పెట్టక, రోజుకు ఐదారుసార్లు కొంచెం కొంచెంగా ఇవ్వండి.

ఇదే జావ షుగర్ ఉన్నవారికి ఇస్తే? ఇక్కడే చాలామంది పొరబడతారు. "ముద్ద తింటే షుగర్ రాదు" అనుకుని రెండు ముద్దలు లాగించేస్తారు. నూరు గ్రాముల రాగుల్లో పిండిపదార్థం 70 గ్రాముల దగ్గర ఉంటుంది, బియ్యంలో 78. తేడా అంతే! రాగిలో పీచు ఎక్కువ, అది నిజమే. కానీ పల్చని జావగా తాగితే రక్తంలో చక్కెర త్వరగా ఎక్కుతుంది. చిన్న ముద్ద, దాంతో పళ్లెంలో సగం ఆకుకూర, కూరగాయలు, తగినంత పప్పు పెడితే సరిపోతుంది. షుగర్ మాత్రలో, ఇన్సులినో వాడేవారు ఏకాదశి అనీ, రోజా అనీ డాక్టర్ని అడక్కుండా పస్తుండకూడదు. చెమటలు పట్టి, చేతులు వణికితే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి.

కిడ్నీ జబ్బుకి లెక్క వేరు. అందరికీ మంచిదనుకునే కొబ్బరినీళ్లు కూడా పొటాషియం పెంచి ప్రమాదం తేవచ్చు. సోడియం తక్కువని బజార్లో అమ్మే ఉప్పులోనూ పొటాషియమే ఉంటుంది. నీళ్లు ఎన్ని, పప్పు ఎంత అన్నది డాక్టరు చెప్పాల్సిందే. ఊరగాయ, అప్పడం, ఊరుమిరపకాయ మాత్రం పక్కన పెట్టేయండి.

విరేచనాలయితే పొట్టకి విశ్రాంతి అంటూ పిల్లల్ని మాడ్చకండి. తల్లిపాలు ఆపకండి. ఓఆర్ఎస్ పొట్లం దొరక్కపోతే కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, రెండూ తలగొట్టి, కలపండి.

టీబీ వచ్చిన ఇంట్లో తిండి మందుతో సమానం. జార్ఖండ్‌లో రోగుల కుటుంబాలకు అదనపు ఆహారం ఇచ్చి చూస్తే ఇంట్లో మిగతావారికి టీబీ సోకడం సుమారు 40 శాతం తగ్గిందని 2023లో తేలింది. ప్రభుత్వం 2018 నుంచి రోగికి నెలకు రూ.500 ఇచ్చేది, 2024 నవంబరు నుంచి రూ.1000 చేసింది. ఆ డబ్బు గుడ్లకూ, పప్పుకూ, వేరుశనగ ఉండలకూ వాడండి. రోగికి వేరే, మనకు వేరే అనుకోక ఇంట్లో అందరికీ పెట్టండి.

పక్షవాతం వచ్చినవారిని పడుకోబెట్టి నోట్లో నీళ్లు పోయకండి, పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. లేపి కూర్చోబెట్టి, గడ్డం కాస్త దించి, చిక్కటి పదార్థం చెంచాడు చెంచాడుగా పెట్టండి. మళ్లీ ఆస్పత్రికి వెళ్లేటప్పుడు, మూడు రోజులు ఏ పూట ఎంత తిన్నారో క్యాలెండరు వెనక రాసి పట్టుకెళ్లండి. "ఏమీ తినడం లేదు సార్" అనడం కన్నా డాక్టరుకు అది ఎక్కువ పనికొస్తుంది.